అంగస్తంభన లోపము: జలచికిత్స, తక్కిన చికిత్సలు

ఖరగ్‌పూర్ పట్టణమునకు పుట్టుకయు పెరుగుదలయు రైల్వే వలననే కలిగినవి. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇచ్చట జంక్షనును, పిమ్మట పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిరి. నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పనికై వచ్చి ఇచ్చటనే స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిమ్మటను ఆ రాకపోకలు ఆగలేదు. గోల్‌బజారులోను, మథురాకాటీలోను, నింపురాలోను నేటికిని తెలుగు, వంగ, హిందీ, ఒడియా మాటలు ఒకే వీధిలో వినవచ్చును.

పనిచేయు పురుషుడు తన నడుము నొప్పిని గూర్చి తోటివానితో చెప్పుకొనును. కంటిచూపు తగ్గినచో డాక్టరునొద్దకు పోవును. కాని అంగము గట్టిపడకపోవుట యను లోపము కలిగినచో ఎవరితోను చెప్పడు. భార్యతోను మాటలాడడు. రాత్రి డ్యూటీ అనియో, అలసట అనియో సాకు చెప్పి తప్పించుకొనును. లోలోపల కుమిలి, తుదకు గోడమీది ప్రకటన చూచియో, సంతలో మూలికలమ్మువాని మాట వినియో ఏదో యొక మందు కొనును. కొందరు తొట్టిస్నానములు, ఉషఃపానము మొదలగు నీటి చికిత్సలు ప్రారంభింతురు. వీనిలో ఏది ఎంతవరకు పనికివచ్చును, ఏది పనికిరాదు, ఏది ప్రమాదకరము అను విషయములను తెలుపుటయే ఈ పుస్తిక యొక్క ఉద్దేశము.

లోపమన నేమి?

సంభోగమునకు చాలినంతగా అంగము గట్టిపడకపోవుట, లేక గట్టిపడినను ఆ స్థితి నిలువకపోవుట అంగస్తంభన లోపమనబడును. అలసిన దినమున, మద్యము సేవించిన రాత్రి, మనస్సు కలతపడినప్పుడు ఒకటి రెండు పర్యాయములు ఇట్లు జరుగుట ఏ పురుషునకైనను సహజము. అది రోగము కాదు. ఈ స్థితి మూడు నెలలపాటు విడువక యున్నచో మాత్రము వైద్య పరీక్ష అవసరము.

లోకములో దీనిని నపుంసకత్వమని పిలుచుట కలదు. ఆ మాట తప్పు, క్రూరము కూడను. ఈ లోపము గలవానికి కోరిక యుండవచ్చును, వీర్యముండవచ్చును, సంతానమును పొందు శక్తియు ఉండవచ్చును. కోరిక తగ్గుట, శీఘ్రస్ఖలనము, సంతానము లేకపోవుట అనునవి వేరు వేరు విషయములు. వానికి వేరు వేరు కారణములును, వేరు వేరు చికిత్సలును గలవు.

ఈ బాధ తనకొక్కనికే కలిగినదని ప్రతి రోగియు తలంచును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 1987 నుండి 1989 వరకు 40–70 ఏండ్ల వయస్సు గల పురుషులను విచారింపగా, నూటికి 52 మందికి ఏదో యొక స్థాయిలో ఈ లోపమున్నట్లు తేలినది. వారిలో నూటికి 10 మందికి మాత్రమే అది పూర్తిగా నుండెను. తక్కినవారికి స్వల్పముగనో, మధ్యమముగనో యుండెను. వయస్సుతో ఇది హెచ్చును. కాని వయస్సొక్కటే దీనికి కారణము కాదు.

శరీరములో జరుగు పని

పురుషాంగములో పొడవుగా రెండు మెత్తని గొట్టముల వంటి భాగములున్నవి. అవి స్పంజివలె చిన్న చిన్న గదులతో నిండియుండును. మనస్సులో కోరిక కలిగినప్పుడు, లేక స్పర్శ తగిలినప్పుడు, నరముల ద్వారా ఆజ్ఞ వచ్చును. అంతట నైట్రిక్ ఆక్సైడు అను వాయువు అచ్చటి నరములనుండియు, రక్తనాళముల లోపొరనుండియు వెలువడి కండరములను సడలించును. కాలువ తూము ఎత్తినట్లు ధమనులు తెరచుకొని రక్తము లోనికి ప్రవహించును. గదులు నిండి ఉబ్బినకొలది, రక్తము వెలుపలికి పోవు సిరలు పైపొర క్రింద నొక్కబడి మూసికొనును. లోనికి వచ్చిన రక్తము నిలిచి అంగము గట్టిపడును. రక్తనాళముల విషయమున ఈ వాయువు చేయు పనిని కనుగొనినందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాడ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించినది.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఈ కార్యమునకు మనస్సు, నరములు, హార్మోనులు, రక్తనాళములు నాలుగును సరిగా నుండవలెను. అందు ముఖ్యమైనది రక్తప్రవాహము. కావున "నరముల బలహీనత" అని ఒక్క మాటతో దీనిని తేల్చివేయుట సరికాదు.

గుండెజబ్బునకు ముందు సిగ్నలు

ఈ లోపమును దాచిపెట్టుట వలన ప్రాణహాని కూడ కలుగవచ్చును. పురుషాంగమునకు రక్తము తెచ్చు ధమనుల వెడల్పు 1–2 మిల్లీమీటర్లు మాత్రమే. గుండెకు రక్తము తెచ్చు ధమనుల వెడల్పు 3–4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకొని ధమనులు చెడుట ఆరంభమైనచో ఆ చెరుపు శరీరమంతట నొకేసారి జరుగును. కాని సన్నని గొట్టము ముందుగా మూసికొనును. అందుచేత కొందరికి గుండెనొప్పి కనబడుటకు రెండు మొదలు ఐదు సంవత్సరముల ముందే అంగస్తంభన లోపము కనబడును.

రైలు నడుపువారికి డిస్టెంట్ సిగ్నలు విలువ తెలియును. అది చూచి ముందుగా వేగము తగ్గించుకొనినవాడు హోమ్ సిగ్నలునొద్ద సుఖముగా ఆగగలడు. అంగస్తంభన లోపమును అట్టి సిగ్నలుగా భావింపవలెను. నలుబది ఏండ్ల పురుషునకు ఇది క్రొత్తగా కలిగినచో, అంగమునకు మందు వెదకుటకు ముందు రక్తపోటు, రక్తములోని చక్కెర, కొవ్వు పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహము గలవారికి ఈ లోపము తక్కినవారికంటె సుమారు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. తనకు మధుమేహమున్నదని ఈ లోపము మూలముననే మొదటిసారి తెలిసికొనినవారును కలరు.

కారణములు

మధుమేహము, హెచ్చు రక్తపోటు, స్థూలకాయము, రక్తములో కొవ్వు హెచ్చుట ముఖ్య కారణములు. పొగాకు రక్తనాళములను కుంచింపజేయును. బీడీ, సిగరెట్టు ఒక్కటే కాదు. ఖైనీ, గుట్కా రూపమున నమలు పొగాకులోను ఆ విషమే కలదు. మద్యము మొదట సంకోచమును పోగొట్టినట్లు తోచినను పిమ్మట నరములను, కాలేయమును చెరచును. రాత్రి డ్యూటీల వలన నిద్ర చాలకపోవుట, నిద్రలో గురకతో ఊపిరి ఆగుచుండుట కూడ ఈ లోపమునకు తోడ్పడును. వెన్నెముక దెబ్బలు, ప్రోస్టేటు గ్రంథి శస్త్రచికిత్సలు నరములను దెబ్బతీయవచ్చును. రక్తపోటునకును, మనోవ్యాకులతకును వాడు కొన్ని మందుల వలనను ఇట్లు జరుగును. కాని అట్టి అనుమానము కలిగినచో మందును తనంతట మానరాదు. డాక్టరుతో చెప్పినచో వేరొక మందు వ్రాయగలరు.

మనస్సునకు సంబంధించిన కారణములును తక్కువ కావు. అప్పు, ఉద్యోగమును గూర్చిన చింత, భార్యాభర్తల కలహము, క్రొత్తగా పెండ్లియైనవాని భయము వీనిలోనివి. ఒకసారి విఫలమైనవాడు రెండవసారి ఏమగునోయని భయపడును. ఆ భయమే రెండవ వైఫల్యమునకు కారణమగును. వీర్యము పోయిన బలము పోవునను నమ్మకము మనదేశమున చిరకాలమునుండి కలదు. ఈ భయముతో బాధపడు యువకుల స్థితిని 1960లో డాక్టరు ఎన్. ఎన్. విగ్ "ధాత్ సిండ్రోమ్" అని పేర్కొనిరి. ఈ నమ్మకమునకు శాస్త్రాధారము లేదు.

ఒక చిన్న గుర్తు కలదు. తెల్లవారుజామున నిద్ర లేచునప్పుడు అంగము గట్టిపడుచున్నచో రక్తనాళములు, నరములు చాలవరకు బాగున్నవనియు, కారణము మనస్సులో నుండవచ్చుననియు ఊహింపవచ్చును. అదియు లేనిచో, లోపము క్రమక్రమముగ వచ్చినచో, శరీరములోని కారణమును వెదకవలెను. తుది నిర్ణయము డాక్టరుదే.

జలచికిత్స: చరిత్ర, ప్రయోజనము, హద్దులు

నీటితో రోగములను మాన్పవచ్చునను పద్ధతి 19వ శతాబ్దిలో యూరోపుఖండమున ప్రబలినది. విన్సెంజ్ ప్రీస్నిట్జ్, సెబాస్టియన్ క్నైప్ అనువారు చన్నీటి చికిత్సలకు పేరొందిరి. లైప్‌జిగ్ నగరమున లూయీ కూనే (1835–1901) రోగములన్నిటికిని మూలమొక్కటేయని బోధించి, నడుము వరకు నీటిలో కూర్చుండు తొట్టిస్నానమును, జననాంగ భాగమును చన్నీటితో తడిపి తుడుచు స్నానమును ప్రచారము చేసెను. ఆయన గ్రంథమును 1894లో ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ తెలుగులోనికి అనువదించిరి. మనదేశమున ప్రకృతి చికిత్సోద్యమమునకు ఆ తెలుగు అనువాదమే నాందియని చెప్పుదురు. గాంధీమహాత్ముడు కూనే స్నానములను తాను ఆచరించి, ఇతరులకును చెప్పెను; 1946లో ఉరుళీకాంచన్ గ్రామమున ప్రకృతి చికిత్సాలయమును స్థాపించెను. ఇట్టి చరిత్ర గల చికిత్సను తెలుగువారు నమ్ముట ఆశ్చర్యము కాదు.

అయినను పైని చెప్పిన శరీరధర్మము కూనే కాలమున ఎవరికిని తెలియదు. రోగములన్నిటికి మూలమొక్కటేయను ఆయన సిద్ధాంతమును నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు. తొట్టిస్నానము వలన అంగస్తంభన లోపము మానినదని నిరూపించు పెద్ద పరిశోధనలు లేవు. చన్నీరు తగిలినప్పుడు రక్తనాళములు కుంచించుకొనును, పిమ్మట తిరిగి విప్పారును. ఆ ఉల్లాసము కొలది సేపటిది. మూసికొనిన ధమనిని అది తెరవలేదు, చెడిన నరమును బాగుచేయలేదు, రక్తములోని చక్కెరను తగ్గింపలేదు.

మరి ప్రయోజనము లేదా? కొంత కలదు. గోరువెచ్చని నీటి స్నానము అలసటను తీర్చును, నిద్రను కలిగించును, మనస్సును శాంతపరచును. భయము, అలసట కారణములుగా గలవారికి ఇది మేలు చేయవచ్చును. ఈతను వ్యాయామముగ చేసినచో గుండెకును, రక్తనాళములకును నిజమైన లాభము కలదు. మోకాళ్ళ నొప్పులతో నడువలేని స్థూలకాయునకు నీటిలో చేయు వ్యాయామము తేలిక. అచ్చట మేలుచేయునది వ్యాయామము. నీరు దానికి సాధనము మాత్రమే.

నీటి చికిత్స వలన కలుగు ప్రమాదములను కూడ తెలిసికొనవలెను. మధుమేహము వలన పాదముల స్పర్శ తగ్గినవారు వేడినీటి తొట్టిలో కాళ్ళుంచినచో తెలియకయే కాలి, పుండ్లు పడును. గుండెజబ్బు గలవారికి అతిశీతల జలము తగదు. రక్తపోటు మాత్రలు వాడువారు చాలసేపు వేడినీటిలో కూర్చుండి లేచినచో కండ్లు తిరిగి పడవచ్చును. వృషణములకు తరచు వేడి తగిలినచో వీర్యకణములు తగ్గును. సంతానము కోరువారు వేడినీటి తొట్టిని మానుట మంచిది. ఉదయమున లీటర్ల కొలది నీరు త్రాగుట వలన ఈ లోపము మానదు. మూత్రపిండముల జబ్బు, గుండె నీరసము గలవారికి అట్లు త్రాగుట హానికరము.

నీటితో నింపిన గొట్టపు పంపులు కూడ నేడు అంగడిలో అమ్ముచున్నారు. ఇవి నిజమునకు శూన్యపు పంపులే. గాలికి బదులు నీరు వాడబడును. నీటికి ఇందు ప్రత్యేకమైన ఔషధగుణము లేదు. వైద్యులకు ఎక్కువ అనుభవము గలది గాలితో పనిచేయు పంపుల విషయముననే. వానిని గూర్చి ముందు తెలుపబడును.

ముఖ్యమైన మాట యిది: స్నానము చేసినందున నష్టము లేకపోవచ్చును. స్నానమును నమ్మి పరీక్షలు మానినందున నష్టము కలదు. ఆరు నెలలు తొట్టిలో గడపిన మధుమేహ రోగికి ఆ ఆరు నెలలును చికిత్స లేక పోయినట్లే.

చికిత్సకు మొదటి మెట్టు: నడవడి మార్పు

పొగాకు మానుట, మద్యము తగ్గించుట, తగినంత నిద్ర, చక్కెరను రక్తపోటును అదుపులో నుంచుకొనుట అన్ని చికిత్సలకును పునాది. ఇటలీలో స్థూలకాయులగు 110 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు వారిచేత రెండు సంవత్సరములు మితాహారమును, వ్యాయామమును చేయించిరి. 2004లో ప్రకటింపబడిన ఆ ఫలితములనుబట్టి, ఆ జట్టులోని 55 మందిలో 17 మందికి లోపము పోయినది; సామాన్యమైన సలహా మాత్రమే పొందిన రెండవ జట్టులో 3 గురికి మాత్రమే అట్లు జరిగినది. ఆ 17 మందిని బాగుచేసినది మాత్ర కాదు.

వారమునకు నాలుగు దినములు, దినమునకు 40 నిమిషముల చొప్పున, ఆరు నెలలు వేగముగ నడచుట మేలని పరిశోధనలు తెలుపుచున్నవి. 40 నిమిషముల వేగపు నడక సుమారు మూడున్నర, నాలుగు కిలోమీటర్లగును. ఒకప్పుడు ప్రపంచములో అతి పొడవైనదని పేరొందిన ఖరగ్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు. దానిని ఈ చివరనుండి ఆ చివర వరకు మూడున్నర పర్యాయములు నడచిన దూరమది. అది ఎవరికిని అసాధ్యము కాదు.

కటి ప్రదేశపు కండరములకు వ్యాయామము ఇంకొకటి. మూత్రమును మధ్యలో ఆపునప్పుడు బిగియు కండరమును గుర్తించి, కూర్చుండియో నిలుచుండియో దానిని కొన్ని క్షణములు బిగించి వదలవలెను. ఇట్లు పదిసార్ల చొప్పున దినమునకు రెండు మూడు పర్యాయములు చేయవలెను. ఇంగ్లండులో 55 మందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలలకు నూటికి 40 మంది మామూలు స్థితికి వచ్చిరి. దీనికి ఖర్చు లేదు. పనిలో నున్నను చేయవచ్చును.

మాత్రలు

సిల్డెనాఫిల్ అను మందును మొదట గుండెనొప్పికై పరీక్షించిరి. దాని వేరొక ఫలితము గమనింపబడి, 1998 మార్చి 27న అమెరికాలో అంగస్తంభన లోపమునకు అనుమతింపబడినది. టాడలాఫిల్ మొదలగునవి పిమ్మట వచ్చినవి. ఇవి కోరికను పుట్టించు మందులు కావు. కోరిక కలిగినప్పుడు రక్తప్రవాహమును నిలుపుటకు తోడ్పడును. సిల్డెనాఫిల్‌ను సుమారు ఒక గంట ముందు వాడవలెను. నూనె, కొవ్వు గల భోజనము పిమ్మట వేసికొనినచో ఆలస్యముగ పనిచేయును. టాడలాఫిల్ ప్రభావము 36 గంటల వరకు ఉండును. ఒకటి రెండుసార్లు పనిచేయలేదని నిరాశపడరాదు. మోతాదు, వాడు విధానము సరియైనవో కావో డాక్టరు చూడవలెను. తలనొప్పి, ముఖము ఎఱ్ఱబారుట, ముక్కు దిబ్బడ కొందరికి కలుగును.

ఈ మాత్రల విషయమున ప్రాణముతో కూడిన నియమమొకటి కలదు. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను సార్బిట్రేట్, నైట్రోగ్లిసరిన్ మొదలగు నైట్రేటు మందులు వాడువారు ఈ మాత్రలను ఎంతమాత్రమును వాడరాదు. రెండును కలిసినచో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి మరణము సంభవింపవచ్చును. మాత్ర వేసికొనిన పిమ్మట గుండెనొప్పి వచ్చినచో, ఆసుపత్రిలో ఆ సంగతిని సిగ్గుపడక ముందుగా చెప్పవలెను. సిల్డెనాఫిల్ వాడిన 24 గంటల వరకు, టాడలాఫిల్ వాడిన 48 గంటల వరకు నైట్రేటు ఈయరాదు. ఇంటిలోని వారికిని ఈ మాట తెలిసియుండవలెను; రోగికి మాట రానప్పుడు వారు చెప్పగలరు. ప్రోస్టేటునకు మందు వాడువారు కూడ డాక్టరుతో చెప్పవలెను. చూపుగాని వినికిడిగాని హఠాత్తుగా తగ్గినను, అంగము నాలుగు గంటలకు మించి గట్టిగా నిలిచిపోయినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

గుండెజబ్బు వచ్చి తగ్గినవారు దాంపత్యమును విడువ నక్కరలేదు. రెండంతస్తుల మెట్లు ఆయాసము, నొప్పి లేక ఎక్కగలవారికి సాధారణముగ ప్రమాదముండదు. అయినను డాక్టరు అనుమతి పొందుట మేలు.

మాత్రలు పనిచేయనప్పుడు

శూన్యపు పంపు ఒక గొట్టము. దానిని అంగముపై నుంచి లోని గాలిని తీసివేసినచో రక్తము లోనికి లాగబడును. పిమ్మట మొదట రబ్బరు వలయమును తొడిగి దానిని నిలుపుదురు. అమెరికా దేశస్థుడైన గెడ్డింగ్స్ ఆస్బన్ తన ఉపయోగమునకై ఇట్టి సాధనమును చేసికొనెను. 1982లో దానికి అచ్చట ప్రభుత్వానుమతి లభించినది. వలయమును 30 నిమిషములకు మించి ఉంచరాదు. రక్తము పలుచబరచు మందులు వాడువారు డాక్టరునడిగియే వాడవలెను.

అల్ప్రోస్టాడిల్ అను మందును సన్నని సూదితో అంగములోనికి ఎక్కించుట మరియొక పద్ధతి. మొదట డాక్టరునొద్ద నేర్చుకొని, పిమ్మట రోగియే వేసికొనును. వేరేదియు పనిచేయనప్పుడు శస్త్రచికిత్సచే లోపల సాధనమును అమర్చుదురు. 1973లో బ్రాంట్లీ స్కాట్ అను అమెరికా వైద్యుడు ప్రకటించిన సాధనములో ఉప్పునీరు వంటి ద్రవము ఒక చిన్న సంచినుండి గొట్టములలోనికి పంపబడి అంగము గట్టిపడును. ఈ చికిత్సలో నీటికి నిజముగ పాత్ర కలదు; కాని అది శస్త్రవైద్యుని చేతిలోని నీరు. ఇది ఖర్చుగలది, వెనుకకు త్రిప్పరానిది.

ఉదయపు రక్తపరీక్షలో టెస్టోస్టిరోను తక్కువయని రెండుసార్లు తేలినవారికి మాత్రమే ఆ హార్మోను చికిత్స తగును. ఊరక వాడినచో వీర్యకణములు తగ్గును. కారణము మనస్సులో నున్నప్పుడు మానసిక వైద్యుని సలహా, భార్యాభర్తలకు కలిపి ఇచ్చు సలహా చాల ఉపకరించును. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి మనోవ్యాకులతను గూర్చి మాటలాడవచ్చును. తెలుగులోను సలహా లభించును.

బజారు మందులు

ఆయుర్వేదమున ఎనిమిది అంగములలో వాజీకరణము ఒకటి. దానిని చదివి పట్టము పొందిన వైద్యుడు వేరు, గుడారము వేసి "ఏడు దినములలో మగతనము" అని అరచువాడు వేరు. 1954లో చేయబడిన మందులు, మహిమౌషధముల ప్రకటనల చట్టము లైంగికశక్తిని పెంచునని చెప్పు మందుల ప్రకటనలను నిషేధించినది. కావున గోడమీద అట్టి ప్రకటన కనబడినచో, అది చట్టమును మీరినదని తెలిసికొనవలెను. అట్టివాని మాటను మందు విషయమున మాత్రము ఏల నమ్మవలెను?

మూలికల మందుయని అమ్మిన పొడులలో చెప్పకుండ సిల్డెనాఫిల్ కలుపుట అనేక దేశములలో పట్టుబడినది. గుండెకు నైట్రేటు వాడు వృద్ధుడు అది మూలికయే కదాయని మ్రింగినచో ప్రమాదము చెప్పనక్కరలేదు. శుద్ధి సరిగా లేని భస్మములలో సీసము, పాదరసము ఉండి మూత్రపిండములను చెరచవచ్చును. పేరు, తయారుచేసినవారి చిరునామా, బిల్లు లేని మందును కొనరాదు.

ఎవరితో చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగులకును, వారి కుటుంబములకును, వైద్య పథకమున చేరిన పెన్షనుదారులకును రైల్వే ఆసుపత్రి కలదు. తక్కినవారికి ప్రభుత్వ మహకుమా ఆసుపత్రియు, నదికావల మేదినీపూర్‌లో 2004లో నెలకొల్పబడిన వైద్య కళాశాల ఆసుపత్రియు ఉన్నవి. మొదట సామాన్య వైద్యునొద్దకు పోయిన చాలును. అవసరమైనచో ఆయనే మూత్రకోశ వైద్యునొద్దకో, గుండె వైద్యునొద్దకో పంపును. 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చేయుదురు.

భాష రానిచోట సిగ్గు రెట్టింపగును. మూడవ తరమువారికి వంగభాష, హిందీ బాగుగ వచ్చును. పెద్దవారిలో కొందరికి అంతగా రాదు. అట్టివారు కుమారునో మనుమనినో దుబాసిగా వెంటబెట్టుకొని పోయినచో నోరు తెరువలేరు. సమవయస్కుడైన మిత్రుని తోడు తీసికొనిపోవుట మంచిది. లేదా విషయమును ముందుగా ఒక కాగితముపై వ్రాయించుకొనవచ్చును. చెప్పవలసినవి నాలుగే మాటలు: అంగము గట్టిపడుట లేదని, ఎన్ని నెలలైనదో, తెల్లవారుజామున గట్టిపడునో లేదో, ఇప్పుడు వాడుచున్న మందులేవో. మందుల పేర్లు నోటితో చెప్పుటకంటె మాత్రల అట్టలనే తీసికొనిపోవుట మేలు. పొడులు, లేహ్యములు వాడినచో వానినికూడ చూపవలెను. డాక్టరు దీనిని విని నవ్వడు. ఇది ఆయనకు దినదినమును వినవచ్చు రోగములలో నొకటి.

భార్యకును ఈ సంగతి తెలుపవలెను. మౌనముగ దూరమగు భర్తను చూచి, తనయందు ప్రేమ తగ్గినదనియో, వేరొకతె యున్నదనియో ఆమె తలంచును. ఒక్కమాట చెప్పినచో ఆ అనుమానము తొలగును. ఆమె తోడున్నచో చికిత్స త్వరగా ఫలించును. నిందయు, పరిహాసమును మాత్రము ఏ మందునైనను వ్యర్థము చేయును.

అంగస్తంభన లోపము పాపఫలము కాదు, పౌరుషహీనత కాదు. అది శరీరము పంపిన సమాచారము. దానిని చదివినవాడు తన దాంపత్యమును నిలుపుకొనుటయే కాక, కొన్నిసార్లు తన గుండెను కూడ కాపాడుకొనును. నీటితో స్నానము చేయవచ్చును, నీటిలో ఈదవచ్చును. కాని మొదట రక్తపోటును, చక్కెరను చూపించుకొనవలెను.